దుమ్ము తుడిచే నూలు - కూలి దక్కని చేతులు

పట్నాల్లో పెద్ద దుకాణాల్లో ఇప్పుడొక సరుకు అమ్ముతున్నారు. ఇంట్లో బల్లలు, బీరువాలు, కిటికీ చువ్వలు తుడవడానికి చేతికి తొడుక్కునే నూలు తొడుగు. "రసాయనాలు లేవు, ఉతుక్కుని మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు" అని అట్ట మీద రాసి ఉంటుంది. పాత పంచె చింపి గుడ్డపేలికతో దుమ్ము దులుపుకునే మన ఇళ్లలో ఈ మాట వింటే నవ్వొస్తుంది. అయితే నవ్వి ఊరుకునే సంగతి కాదిది. ఆ తొడుగులో ఉన్నది పత్తి. ఆ పత్తి ఏరింది మన ఆడవాళ్లు. దాన్ని నూలు చేసేదీ మనలాంటి వాళ్లే. అట్ట మీద తుడిచే వాళ్ల ఆరోగ్యం గురించి రాశారు. చేసే వాళ్ల ఆరోగ్యం గురించీ, కూలి గురించీ ఒక్క ముక్క లేదు. ఆ లెక్కేమిటో చూద్దాం.

నూలు ఎలా తయారవుతుంది

దుమ్ము తుడిచే నూలు వేరు, చీర నేసే నూలు వేరు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఆడవాళ్లు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, నలక లేకుండా శుభ్రం చేసి, నూరు కౌంటు దాకా సన్నని నూలు వడుకుతారు. అది ఏళ్ల తరబడి అబ్బిన పనితనం. దుమ్ము తుడవడానికి అంత సన్నం పనికిరాదు. దానికి లావు నూలు కావాలి. పది కౌంటు చాలు. కౌంటంటే ఖాదీ లెక్కలో కిలో నూలుకు వెయ్యి మీటర్ల చిలపలు ఎన్ని వస్తే అంత. పది చిలపలు వస్తే పది కౌంటు. కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది.

ముందు పత్తి. పొట్టి పింజ దేశవాళీ పత్తి ఈ పనికి బాగా సరిపోతుంది. మిల్లులు పొడుగు పింజ కావాలంటాయి కాబట్టి దేశవాళీ రకాలు మన చేలల్లోంచి దాదాపు వెళ్లిపోయాయి. కానీ పొట్టి పింజ దూది ముతక, తడిని బాగా పీలుస్తుంది. ఆసుపత్రుల్లో గాయాలకు వాడే దూది ఎక్కువగా ఇలాంటి పత్తి నుంచే వస్తుంది. పొడుగు పింజ అమ్ముకోగా మిగిలిన నాసి పత్తి కూడా లావు నూలుకు పనికొస్తుంది.

మంచు ఆరాక ఏరిన పత్తి, ఆకు నలకలు లేని పత్తి అయితే పని సగం తేలిక. గింజ తీయాలి. మూడు కిలోల పత్తికి సుమారు కిలో దూది దిగుతుంది. తర్వాత దూది ఏకాలి. వెనక విల్లు, తాడు పట్టుకుని ఊరూరా తిరిగి ఈ పని చేసినవాళ్లు దూదేకులవాళ్లు. ఆ కులం పేరే ఆ వృత్తి నుంచి వచ్చింది. ఇప్పుడు ఏకే మిషన్లు వచ్చాయి. ఏకిన దూదిని పుల్ల మీద చుట్టి లాగితే ఏకులు తయారు. ఏకు కొసను కదురుకు అంటించి, రాట్నం తిప్పుతూ వెనక్కి లాగితే నూలు సాగుతుంది.

ఇక్కడ ఒక కిటుకుంది. పురి ఎక్కువైతే నూలు గట్టిపడి తాడులా అవుతుంది, దుమ్ము పట్టదు. పురి తక్కువైతే తెగుతుంది, ఉతికితే పీచు రాలుతుంది. అందుకని మెత్తగా పురి పెట్టి వడికి, రెండు పేటలు కలిపి ఎదురు పురితో పేనాలి. అప్పుడు నూలు మెలికపడకుండా నిలుస్తుంది. పైన నూగు లేచి ఉంటుంది. ఆ నూగే దుమ్ముని పట్టేది. పత్తికి ఇంకో గుణముంది. తడిస్తే బలహీనపడదు, ఇంకా బలపడుతుంది. అందుకే నూలు గుడ్డ ఎన్ని ఉతుకులైనా ఓర్చుకుంటుంది. పాలియెస్టరు, నైలాను కలిపి చేసే తుడుపు గుడ్డలూ దుమ్ము పడతాయి, కాదనలేం. కానీ ఉతికినప్పుడల్లా వాటి నుంచి కంటికి కనపడని ప్లాస్టిక్ పీచు రాలి నీళ్లలో చేరుతుంది. అది మట్టిలో కలిసేది కాదు.

పచ్చి నూలులో సహజంగా కొంత మైనం ఉంటుంది. పొడిగా దుమ్ము తుడిచేదైతే అలాగే ఉంచొచ్చు. తడిగుడ్డలా వాడాలంటే ఆ మైనం పోవాలి, లేకపోతే నీళ్లు పీల్చదు. మన రజకులు చవుడు వేసి బానలో ఉడికించింది ఇందుకే. ఇప్పుడు బట్టల సోడా వేసి ఉడకబెడుతున్నారు. సోడా కూడా రసాయనమేగా అని ఎవరైనా అడిగితే, అవును, రసాయనమే. దాచాల్సిన పని లేదు. బ్లీచింగు, రంగు, నూనె పూత లేవని చెబితే నిజం చెప్పినట్టు. ఏ రసాయనమూ తగల్లేదంటే అది వ్యాపారం మాట.

మందు ఎక్కడ తగిలింది

అసలు మందు తగిలేది నూలుకు కాదు, మనిషికి. గింజ తీసి, ఉడికించి, ఉతికి వచ్చేసరికి తొడుక్కునే వాళ్ల చేతికి తగిలే విషం పెద్దగా ఉండదు. ఆ విషం అంతకు ముందే చేలో దిగిపోయింది. మందు కలిపినవాడి చేతికి, కొట్టినవాడి ఊపిరికి, ఆ చేలో వంగి కలుపు తీసినామె ఒంటికి పట్టింది.

1997-98లో వరంగల్ జిల్లాలో లద్దె పురుగు పత్తిని తినేసింది. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. మందుల దుకాణందారే అప్పు ఇచ్చేవాడు, ఏ మందు కొట్టాలో వాడే చెప్పేవాడు. అప్పులపాలైన రైతులు చేను మీద కొట్టాల్సిన మందే తాగి చచ్చిపోయారు. 2002లో బీటీ పత్తి వచ్చింది. ఇక మందులతో పనిలేదన్నారు. కొన్నేళ్లకు గులాబీ రంగు పురుగు దానికీ అలవాటు పడింది, మందు డబ్బాలు మళ్లీ చేలకొచ్చాయి. 2017లో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ విషం పట్టి 20 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో కూలీలున్నారు. అది పక్క రాష్ట్రం కథ అని తీసేయడానికి లేదు. అవే మందులు, అదే పంట, అదే పేదరికం మన దగ్గరా ఉన్నాయి.

మందు లేకుండా పత్తి పండదా? అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల రైతులు పురుగుమందులు మానేసి, వేప కషాయాలు, ఎర పంటలు, పురుగు బుట్టలతో పత్తి పండించి చూపించారు. జనగామ ప్రాంతంలో ఏనెబావి ఊరు మొత్తం రసాయనాలు వదిలింది. పండుతుంది. కాకపోతే దానికి చాకిరీ ఎక్కువ. కషాయం నూరడం, గుడ్లు ఏరడం, కలుపు తీయడం, ఇదంతా ఎక్కువగా ఆడవాళ్ల పని. మందు మానేసినందుకు రైతుకు ధర పెరిగితే, ఆ చాకిరీకి కూలి కూడా పెరగాలి. ఈ రెండో మాట ఎవరూ ఎత్తడం లేదు. మనమే ఎత్తాలి.

దుమ్ము సంగతి కూడా చెప్పుకోవాలి. జిన్నింగు మిల్లులో, ఏకే మిషను దగ్గర లేచే పత్తి దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే ఛాతీ పట్టేసే జబ్బు వస్తుంది. బిసినోసిస్ అంటారు. సెలవు తర్వాత పనిలోకొచ్చిన మొదటి రోజు ఆయాసం ఎక్కువ కావడం దీని గుర్తు. చట్టం దీన్ని వృత్తి వ్యాధిగా గుర్తించింది. ఊరి పేదకు దగ్గూ ఆయాసమూ వస్తే ఉబ్బసమనో, బీడీ దగ్గనో అని పంపేస్తారు గానీ, "నువ్వేం పని చేస్తావమ్మా?" అని అడిగే వాళ్లు తక్కువ. ఇంకొకరి ఇంట్లో దుమ్ము తుడిచే వస్తువు కోసం మనవాళ్లు దుమ్ము మింగుతున్నారు.

లెక్క తేల్చుదాం

తొడుగుల జత తూకం వంద గ్రాములు అనుకుందాం. పది కౌంటు నూలైతే వంద గ్రాములంటే సరిగ్గా వెయ్యి మీటర్లు, ఒక్క చిలప. ఏకడంలో పోయే తరుగు కలుపుకుంటే దానికి మూడో వంతు కిలో పత్తి కావాలి. 2025-26కు పొడుగు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఆ లెక్కన పత్తి ఖరీదు 27 రూపాయలు. అదీ మద్దతు ధర దక్కితే. 2025 ఆగస్టు 19 నుంచి డిసెంబరు 31 దాకా విదేశీ పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేశారు. మన పంట మార్కెట్టుకొచ్చే రోజుల్లోనే బయటి పత్తికి తలుపు తెరిచారన్నమాట.

ఆ 27లో పత్తి ఏరినామెకు వచ్చేదెంత? కిలోకు పది రూపాయలు ఇస్తే మూడు రూపాయల చిల్లర. ఎండిన కాయ డొప్పలు వేళ్లకు గీసుకుని నెత్తురు కారితే దానికి వేరే కూలి లేదు.

నూలు వడికినామె సంగతి చూడండి. 2025 ఏప్రిల్ 1 నుంచి ఖాదీ కమిషను వడుకు కూలి చిలపకు 15 రూపాయలు చేసింది. కిలోమీటరు పొడుగు నూలుకు 15 రూపాయలు! ఒంటి కదురు రాట్నం మీద చెయ్యి తిరిగిన మనిషి గంటకు 300 మీటర్లు తీస్తుందనుకుంటే, ఎనిమిది గంటలకు రెండున్నర చిలపలు కూడా కావు. రోజు కూలి 36 రూపాయలు. కదుళ్లు ఎక్కువున్న రాట్నం మీద 20 చిలపలు తీసినా 300 రూపాయలే. అదీ రోజంతా ఏకులు అందుతుంటే, రాట్నం చెడకుంటే, పోగు తెగకుంటే.

రైతుకు 27, వడికినామెకు 15. మొత్తం 42. పట్నంలో ఆ జత ధర ఎంతో అట్ట మీదే ఉంటుంది, చూసుకోండి. ఏకడానికి, అల్లడానికి, రవాణాకు కొంత పోతుంది, న్యాయమే. మిగతాది ఎవరి జేబులోకి పోతుందో వేరే చెప్పాలా?

బెజవాడ తీర్మానం తర్వాత

రాట్నం పేరు చెప్పి పేదను మెచ్చుకోవడం ఈ దేశంలో కొత్త కాదు. 1921లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం దేశంలో 20 లక్షల రాట్నాలు తిరగాలని తీర్మానించింది. అంతకు ముందు నూరేళ్లలో ఇంగ్లండు మిల్లు నూలు వచ్చిపడి మన ఊళ్లలో లక్షల మంది ఆడవాళ్ల వడుకు పని పోయింది. ఆ గాయం నిజం. అందుకే జనం కదిలారు. కానీ రాట్నం తిప్పిన పేదరాలికి గిట్టుబాటు కూలి ఎంత అన్న ప్రశ్న వెనకబడింది. చివరికి 1935లో గాంధీయే ఎనిమిది గంటల వడుకుకు ఎనిమిది అణాలు ఇవ్వాలని అడిగారు. ఆయన చేతి కింది సంస్థే అంత ఇవ్వలేమంది. గుడ్డ ధర పెరిగితే కొనేవాళ్లు ఉండరని వాదన. ఈరోజు కూడా అదే వాదన వింటున్నాం. కొనేవాడి కోసం వడికేది కడుపు మాడ్చుకోవాలట!

మరో దారి లేదా అంటే ఉంది. పత్తిని బేళ్లుగా గట్టిగా నొక్కి దూరపు మిల్లులకు పంపకుండా, పండిన చోటే చిన్న మిషన్ల మీద నూలు తీసి చేనేతకు ఇచ్చే ప్రయత్నం మల్‌ఖా పేరుతో తెలుగు ప్రాంతాల్లో జరుగుతోంది. నొక్కితే పీచు నలుగుతుంది, మళ్లీ విప్పడానికి పెద్ద మిషన్లు కావాలి. నొక్కకపోతే నూలు మెత్తగా ఉంటుంది, ఖర్చు తగ్గుతుంది. మనకు కావాల్సింది ఆ పనితీరు. దానికి తోడు మిషను ఎవరిది, లాభం ఎవరిది అన్న ప్రశ్న. మిషను మేస్త్రీదైతే ఆడవాళ్లు మళ్లీ కూలీలే. ఏకులా వచ్చి మేకులా తగులుకునే దళారీలను మనం చూడనిది కాదు.

మనం ఏం అడగాలి

తొడుగుల నూలుతో ఊరు బాగుపడిపోతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ఇది చిన్న గిరాకీ. పత్తి పనుల్లేని నెలల్లో కొన్ని ఇళ్లకు పని దొరకొచ్చు, అంతే. అయినా ఉన్న పనికి న్యాయం అడగడం మన హక్కు.

వడుకు కూలి చిలప లెక్కన ఇచ్చినా సరే, ఎనిమిది గంటల పనికి కనీస వేతనం తగ్గకుండా రేటు కట్టాలి. మందు కొట్టిన చేలోకి గడువు తీరకుండా కూలీలను దించకూడదు. దించితే వైద్యం ఖర్చు దించినవాడే పెట్టుకోవాలి. ఏకే మిషన్లకు దుమ్ము లాగే ఏర్పాటు ఉండాలి, పనిచేసేవాళ్లకు ఏటా ఛాతీ పరీక్ష చేయించాలి. 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద భూమి లేని ఆడవాళ్లే సంఘం పెట్టుకుని మిషన్లు తమ పేరున ఉంచుకునేలా బ్యాంకు అప్పు ఇవ్వాలి. సర్కారు ఆసుపత్రులు, బడులు, హాస్టళ్లకు కావాల్సిన తుడుపు గుడ్డలు ఆ సంఘాల దగ్గరే కొనాలి.

ఇంకొక్క జాగ్రత్త, ఇది మన కూలీల ప్రాణానికి సంబంధించినది. తొడుగే కదా అని నూలు తొడుగులు వేసుకుని పురుగుమందు కలపొద్దు, కొట్టొద్దు. నూలు మందుని పీల్చి చర్మానికి అంటిపెట్టి ఉంచుతుంది, ఉత్త చేతికన్నా ప్రమాదం కావచ్చు. ఆ పనికి మందు దిగని గట్టి రబ్బరు తొడుగులు కావాలి. అవి కొనిపెట్టాల్సింది పని చెప్పినవాడు.

వచ్చే పత్తి తీతలు మొదలుకాక ముందే ప్రతి ఊళ్లో పత్తి ఏరేవాళ్లు, జిన్నింగు మిల్లు కూలీలు, వడికే ఆడవాళ్లు ఒకచోట కూర్చుని తమ రేట్లు తామే రాసుకోవాలి. ఇప్పటిదాకా వేరువేరుగా బేరమాడాం. పత్తి మాత్రం చేను నుంచి తొడుగు దాకా ఒక్కటే పోగుగా సాగుతోంది. సంఘం కూడా అలాగే సాగాలి.