స్పోర్టు కారు: చట్రబలము, స్ప్రింగుల యెంపిక

నులకమంచము నెరుగనివారు మనలో లేరు. కీళ్లు బిగువుగా నున్న మంచమును మిట్టపల్లములుగల నేలపై వేసినచో మూడు కోళ్లే నేల నంటును; నాలుగవది గాలిలో నుండును. కీళ్లు వదులైన మంచమును అచ్చోటనే వేసినచో నాలుగు కోళ్లును నేల నంటును గాని, మంచమే మెలిపడి, పండుకొన్నవాడు కదలినప్పుడెల్ల కిర్రుమనును. ఈ రెండింటిలో ఏది మేలని యడిగినచో రెండును కావనియే చెప్పవలెను. చట్రము బిగువుగా నుండి, ఒక్కొక్క కోడు క్రింద నొక స్ప్రింగు ఉన్నచో, నాలుగు కోళ్లును నేల నంటియుండును, మంచమును మెలిపడదు. స్పోర్టు కారు నడకలోని రహస్యమంతయు ఈ మూడవ మంచములోనే యున్నది.

స్పోర్టు కారనగా తేలికయై, నేలకు దగ్గరగా నుండి, మలుపులలో చోదకుని చేతికి వెంటనే లోబడు కారు. దీనిని కొన్న యువకులు మొదట చేయు పని యేమనగా, ఉన్న స్ప్రింగులను తీసివేసి మిక్కిలి గట్టివానిని వేయించుట. ఇంటిలోని వాడెవడైన ఇట్టి ఖర్చునకు డబ్బడిగినచో, పెద్దలు వానిని ముందుగా నడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: “నాయనా, చట్రము చూపించితివా?” ఈ ప్రశ్న డబ్బునకు మాత్రమే గాక ప్రాణమునకును సంబంధించినది.

స్ప్రింగు చేయు పని బరువును మోయుట, గతుకును మింగుట. మింగిన స్ప్రింగు ఊరకుండదు. మరల పైకి తన్నును. ఆ ఊపును అణచుటకు దానిప్రక్కన షాక్ అబ్సార్బరు ఉండును. అది నూనెను సన్నని రంధ్రములగుండ నెట్టి, ఊపులోని శక్తిని వేడిగా మార్చివేయును. స్ప్రింగు సేవకుడైనచో ఇది వాని పగ్గము. రెండును జతకుదిరి యుండవలెను.

ఇక చట్రము సంగతి. వెదురు గొట్టమును రెండు చేతులతో పట్టి మెలిపెట్టి చూడుడు; లొంగదు. దానినే ఒకప్రక్క నిలువునా చీల్చి మెలిపెట్టుడు, సులువుగా లొంగును. మూతగల కారు మొదటి గొట్టమువంటిది. పైకప్పు లేని కారు చీల్చిన గొట్టమువంటిది. ఇటలీలోని లాంచియా సంస్థవారు 1922లో వెలువరించిన లాంబ్డా కారునందు, ప్రక్కగోడలను లోతుగా కట్టి, దేహమునే చట్రముగా చేసి, ఈ చిక్కును చాలవరకు తీర్చిరి.

మనకు ఉదాహరణముగా జపానుదేశమున హిరోషిమా నగరమందలి మజ్దా సంస్థవారి ఎమ్ఎక్స్-5 కారును తీసికొందము. ఇది 1989 ఫిబ్రవరిలో అమెరికాయందు చికాగో ప్రదర్శనమున మొదట చూపబడెను. అచ్చట దీనిని మియాటా యందురు. ఇద్దరు కూర్చుండు, పైకప్పు మడచు కారు. తొలి కార్ల బరువు 1,000 కిలోలకు లోపే. నాలుగు చక్రములకును పైనొకటి, క్రిందనొకటిగా రెండేసి చేతులుండి, చక్రమును తిన్నగా నిలుపును. 1993లో 1.8 లీటర్ల యింజను అమర్చినప్పుడు, తయారుచేసినవారే ఆసనముల వెనుక నొక అడ్డుకడ్డీని, అడుగుభాగమున ముందు వెనుకల మరికొన్ని బందులను చేర్చిరి. పైకప్పులేని దేహమునకు ఊత యవసరమని వారును గుర్తించిరన్నమాట.

దేహము మెలిపడినచో నష్టమేమి? రెండు సమానమైన స్ప్రింగులను కొనకు కొన తగిలించి లాగినచో, ఆ జంట బిగువు ఒక్కదాని బిగువులో సగమే యగును. మెలిపడు దేహము కూడ ఒక స్ప్రింగే. అది మనము కొన్న స్ప్రింగునకు తోడుగా తగులుకొని దాని బిగువును తినివేయును. పైగా దానికి షాక్ అబ్సార్బరు లేదు. కనుక అది వణకుచునే యుండును. స్ప్రింగు ఎంత గట్టిదైన దేహమునకు అంత మెలిక తగులును. బలహీనమైన దేహమునకు గట్టి స్ప్రింగులు వేయుట వదులు మంచమున బరువు పెంచుటవంటిది.

దేహమును బిగించు మార్గము మన తలుపులు చేయు వడ్రంగికి తెలిసినదే. నాలుగు బద్దల చదరము ప్రక్కకు ఒరగును. ఏటవాలుగా నొక బద్ద కొట్టినచో అది త్రికోణములై నిలుచును. కారు అడుగున వేయు బందులును ఇట్టివే. ఇంజనుపైన మెరయుచు నొక అడ్డుకడ్డీ వేయుట పలువురకు ముచ్చట. కొన్ని కార్లలో చక్రపు నిలువు కంబము పైకొన దేహమునకే బిగింపబడి, మలుపునందలి ప్రక్కతోపు అచ్చటికి చేరును. అట్టివానికి ఈ కడ్డీ మేలు చేయును. మన ఉదాహరణపు కారులో ప్రక్కతోపును క్రిందనున్న చేతులే చాలవరకు మోయును గనుక, అడుగు బందులే ఎక్కువ ఫలమిచ్చును. ఐతే ఆ బందులు కొంత బరువును పెంచును. నేలకును కారునకును గల యెడమును తగ్గించును.

మరియొక ముఖ్యవిషయము. తొలి ఎమ్ఎక్స్-5 కార్లకు ముప్పదియేండ్లు దాటినవి. తలుపుల క్రింది దూలములు, అందును వెనుకచక్రముల దాపున, త్రుప్పుపట్టుట వీని ప్రసిద్ధదోషము. త్రుప్పుతిన్న రేకునకు క్రొత్త ఇనుము బిగించుట చెదపట్టిన వాసమునకు మేకు కొట్టుటయే. మొదట త్రుప్పును కోసివేసి మంచి రేకు అతికింపవలెను.

పిమ్మట స్ప్రింగులు. బిగువు రెండింతలు చేసినచో కారు ఊగు వేగము రెండింతలు కాదు, సుమారు 1.4 రెట్లగును. ఆ క్రొత్త తన్నును ఆపుటకు పాత షాక్ అబ్సార్బరు చాలదు. ఎత్తు తగ్గించు పొట్టి స్ప్రింగులు మరియొక అపాయము తెచ్చును: చక్రము పైకి లేచుటకు చోటు తగ్గి, గతుకులో రబ్బరు దిమ్మ తగిలి, బిగువు ఒక్కసారిగా పెరుగును. మలుపు నడుమ నిట్లు జరిగినచో టైరు పట్టు తప్పును.

ఒరుగును తగ్గించు అడ్డుకడ్డీ విషయమునను తొందర తగదు. గట్టి కడ్డీ మందము 20 మిల్లీమీటర్ల నుండి 22కు పెంచినచో, చూపునకు స్వల్పమే గాని, బిగువు నూటికి 46 పాళ్లు పెరుగును. ముందుకడ్డీ మాత్రము బిగిసినచో కారు మలుపునకు లొంగక తిన్నగా పోజూచును. వెనుకది మాత్రము బిగిసినచో తోక ప్రక్కకు జారును. తడిరోడ్డుపై ఈ రెండవది చోదకుని ప్రాణమునకు ముప్పు.

కావున వరుస యిది: త్రుప్పు, టైర్లు, ఎండిపోయిన రబ్బరు బుష్షులు, అలసిన షాక్ అబ్సార్బర్లు మొదట, దేహమునకు బందులు తరువాత, మితమైన బిగువుగల స్ప్రింగులు, వానికి తగిన షాక్ అబ్సార్బర్లు ఆపైన, చివరకు చక్రముల వాలును దిశను కొలిపించుట. ఒక్కొక్క మార్పు తరువాత నడిపి చూచి మరియొకటి చేయవలెను.

ఇంగ్లండులో కాలిన్ చాప్‌మన్ స్థాపించిన లోటస్ సంస్థవారు 1962లో ఎలాన్ అను కారును వెలువరించిరి. నడుమ వెన్నెముకవంటి ఉక్కుచట్రము, పైన గాజునార దేహము. స్ప్రింగులు మాత్రము మెత్తనివి. ఐనను మలుపులలో అది గట్టి స్ప్రింగుల కార్లకు తీసిపోలేదు; గతుకులలో వానికన్న సుఖముగా నడచెను. వెన్నెముక గట్టిగా నున్నవానికి కాళ్లు బిగబట్టి నడువవలసిన పనిలేదు. డబ్బడుగు కుర్రవానితో పెద్దలు ఈ మాటయే చెప్పవచ్చును.