గృహఋణం – గడువు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అన్నది తెలుగునాట తరతరాలుగా వినవస్తున్న సామెత. ఆ రెండు కార్యాల భారం అనుభవించినవారికే తెలియునని దాని భావం. పూర్వం ఇల్లు కట్టదలచినవారు ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముతోనో, నగలు కుదువపెట్టి తెచ్చిన అప్పుతోనో ఆ పని నెరవేర్చుకొనేవారు. నేడు మధ్యతరగతి కుటుంబాలు ఎక్కువగా బ్యాంకులిచ్చే గృహఋణాలపై ఆధారపడుతున్నాయి. ఇంటి హక్కు పత్రాలను బ్యాంకు వద్ద ఉంచి, ఆ ఆస్తిని హామీగా చూపి అప్పు పొందడం తనఖాలో ఒక విధం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఈ పద్ధతిని గుర్తించింది. కాపురం ఉంటున్న ఇల్లు తమదే అయినా, అప్పు తీరేవరకు దానిపై బ్యాంకుకు కూడ హక్కు ఉంటుంది. కాబట్టి వాయిదా చెల్లించవలసిన తేదీ ఆ ఇంటివారికి ఎన్నటికీ మరువరానిది.

ప్రతినెలా సమానంగా చెల్లించే ఈ వాయిదాను ఇ.ఎం.ఐ. అంటారు. ఇందులో వడ్డీ, అసలు అని రెండు భాగాలుంటాయి. ఒక ఉపాధ్యాయుడు 9 శాతం వడ్డీకి, 20 సంవత్సరాల గడువుతో 30 లక్షల రూపాయల ఋణం తీసికొన్నాడనుకొంటే, అతడు నెలకు సుమారు 26,992 రూపాయలు చెల్లించాలి. మొదటి నెలలో అందులో 22,500 రూపాయలు వడ్డీకే పోతుంది. అసలులో తగ్గేది 4,492 రూపాయలు మాత్రమే. తొలి సంవత్సరాలలో వాయిదాలు తప్పినవారి అప్పు కొండలా కదలక నిలిచిపోవడానికి కారణం ఇదే.

గడువు తేదీని ఋణపత్రంలో స్పష్టంగా వ్రాస్తారు. ఆ తేదీ దాటినా మరికొన్ని రోజులు వెసులుబాటు తప్పక ఉంటుందని పలువురు భావిస్తారు. అది పొరపాటు. గృహఋణాలన్నింటికీ వర్తించే అదనపు గడువు అంటూ ఏదీ లేదు. ఋణపత్రంలో అట్టి వెసులుబాటు వ్రాసి ఉంటేనే అది లభిస్తుంది. గడువు రోజున బ్యాంకు లెక్కలు ముగిసే వేళకు సొమ్ము చేరకపోతే, ఆనాటి నుండే ఆ ఖాతాను బకాయి పడినదిగా పరిగణిస్తారు.

ఈ విషయాన్ని భారతీయ రిజర్వ్ బ్యాంకు 2021 నవంబరులో ఒక ఉదాహరణతో వివరించింది. 2021 మార్చి 31న చెల్లించవలసిన సొమ్ము ఆనాడు అందకపోతే బకాయి ఆ రోజే మొదలవుతుంది. ఏప్రిల్ 30 నాటికి 30 రోజులు, మే 30 నాటికి 60 రోజులు పూర్తవుతాయి. ఒక్కొక్క మెట్టులోను ఖాతాపై పరిశీలన తీవ్రమవుతుంది. అప్పటికీ చెల్లించకపోతే జూన్ 29న, అనగా 90 రోజులు నిండగానే, ఆ ఖాతా నిరర్థక ఆస్తిగా మారుతుంది. అటుపై ఒకటి రెండు వాయిదాలు కట్టినంత మాత్రాన పూర్వస్థితి రాదు. బకాయి మొత్తం చెల్లించవలసిందే.

ఆలస్యానికి మూల్యం పలు రూపాలలో ఉంటుంది. ఖాతాలో చాలినంత సొమ్ము లేక వాయిదా తిరిగిపోతే రుసుము పడవచ్చు. ఋణచరిత్రలో ఆలస్యం నమోదై, మరొక అప్పు పుట్టడం కష్టమవుతుంది. ఆలస్యానికి అపరాధ వడ్డీ వేయరాదని, సముచితమైన అపరాధ రుసుము మాత్రమే వసూలు చేయవచ్చునని, ఆ రుసుముపై తిరిగి వడ్డీ కట్టరాదని రిజర్వ్ బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించింది.

వాయిదా తప్పిన కొద్ది రోజులకే బ్యాంకు నుండి ఫోను రావడం పరిపాటి. ఆ ఫోనుకు వెరచి మౌనం వహించడం వలన మేలు కలుగదు. జీతం ఆలస్యమైనా, ఇంట్లో జబ్బు చేసినా ఉన్న మాట చెప్పి, ఏ తేదీకి చెల్లించగలరో తెలపడం ఉత్తమం. కష్టం తాత్కాలికం కాదని తోస్తే, గడువు పెంచమనో, వాయిదాలను సవరించమనో బ్యాంకుకు వ్రాతపూర్వకంగా విన్నవించుకోవాలి.

అప్పు పడినంత మాత్రాన మనిషి గౌరవం తాకట్టు పడదు. వసూలు కోసం ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తరువాత ఫోను చేయరాదని రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టులో ఆదేశించింది. బెదిరించడం, నలుగురిలో అవమానించడం, బంధుమిత్రులను వేధించడం కూడ నిషిద్ధమే. ఇంటికి వచ్చే వసూలు ప్రతినిధి వద్ద గుర్తింపు కార్డు, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం ఉండాలి. బ్యాంకు పేరు చెప్పి మోసగించేవారు కూడ ఉన్నందున, సొమ్మును ఋణ ఖాతాకే చెల్లించి రసీదు పొందాలి. ఓ.టి.పి.ని ఎవరికీ చెప్పరాదు. వేధింపు ఎదురైతే తేదీ, సమయం వ్రాసి ఉంచుకొని ముందుగా బ్యాంకుకు ఫిర్యాదు చేయాలి. 30 రోజులలో పరిష్కారం లభించకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. అందుకు రుసుము లేదు.

ఖాతా నిరర్థకమైన తరువాత 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం బ్యాంకు 60 రోజుల గడువుతో నోటీసు ఇస్తుంది. దానికి అభ్యంతరం తెలిపితే బ్యాంకు 15 రోజులలో సమాధానమివ్వాలి. ఆ గడువు కూడ మీరితే ఇంటిని స్వాధీనం చేసికొని వేలం వేసే అధికారం బ్యాంకుకు కలుగుతుంది. బ్యాంకు చర్య అన్యాయమని భావించినవారు 45 రోజులలో ఋణ వసూలు ట్రిబ్యునల్‌కు విన్నవించుకోవచ్చు. హైదరాబాదు, విశాఖపట్నం నగరాలలో ఈ ట్రిబ్యునళ్ళు ఉన్నాయి. నోటీసును విప్పి చూడక అటకపై పడవేసినవారు మాత్రం ఈ అవకాశాలన్నింటినీ చేజేతులా పోగొట్టుకొంటారు.

ఈ దుస్థితి రాకుండా ముందుచూపు వహించాలి. జీతం అందే తేదీకి కొన్నాళ్ళ తరువాత ఉండేటట్లు వాయిదా తేదీని కోరుకోవాలి. రెండు మూడు నెలల వాయిదాలకు సరిపడు సొమ్మును ఆపత్కాలానికై విడిగా ఉంచుకోవాలి. సంతకం చేయడానికి ముందే ఋణపత్రాన్ని ఆసాంతం చదవాలి. అప్పు పూర్తిగా తీరిన 30 రోజులలో హక్కు పత్రాలను తిరిగి ఇవ్వాలని, బ్యాంకు వలన ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని రిజర్వ్ బ్యాంకు 2023 సెప్టెంబరులో నిర్దేశించింది. గడువు అప్పు తీసికొన్నవారికే కాదు, ఇచ్చినవారికి కూడ ఉంటుంది. ఈ సత్యం తెలిసినవారు తమ బాధ్యతను, తమ హక్కును సమానంగా కాపాడుకోగలరు.