గారెకు చిల్లు ఎందుకు? మద్దేడు సంత నుంచి డోనట్ దుకాణం దాకా

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో, భోపాలపట్నం నుంచి బీజాపూర్ వెళ్లే జాతీయ రహదారి మీద మద్దేడు ఉంది. బస్తర్‌లో ఇది తెలుగు వినిపించే మూల. ఈ ప్రాంతం నుంచి గోదావరి దాటితే తెలంగాణలోని ములుగు జిల్లా, ఇంద్రావతి దాటితే మహారాష్ట్రలోని సిరొంచ. బళ్లు, ఆఫీసులు హిందీలో నడుస్తాయి. ఇళ్లలో, సంతల్లో మాత్రం దోర్లీ, తెలుగు, గోండీ, హల్బీ కలగలిసిపోతాయి.

డంకిన్ 2012లో, క్రిస్పీ క్రీమ్ 2013లో మన దేశానికి వచ్చాయి. ఆ డోనట్లు నగరాల దగ్గరే ఆగిపోయాయి, బస్తర్ అడవి దారి దాకా రాలేదు. రాకపోయినా పెద్ద లోటు లేదనే చెప్పాలి. గుండ్రంగా, మధ్యలో చిల్లుతో, నూనెలో వేగి వేడివేడిగా చేతికొచ్చే పదార్థం ఇక్కడివాళ్లకు కొత్త కాదు. తెలుగు ఇంట్లో అది గారె. టిఫిన్ హోటల్లో అడుగుపెట్టగానే అదే వడ అయిపోతుంది. ఛత్తీస్‌గఢీలో బరా, హిందీలో బడా.

ఇష్టమైన డోనట్ ఏదని అమెరికాలో అడిగితే చాలామంది రుచికంటే ముందు ఒక దుకాణం పేరు చెబుతారు. గారె సంగతీ అంతే. ఏ బస్టాండు పక్క హోటలు, ఏ పండగ, ఎవరి చేతి వంట అన్నదే ముందు గుర్తొస్తుంది. అన్నం, రొట్టె లాంటి రోజువారీ తిండికి ఇంత గట్టి జ్ఞాపకం అంటుకోదు. కారణంలో సగం మూకుట్లోని నూనెలోనే ఉంది.

చిల్లు అలంకారం కాదు

ముందు ఆకారం సంగతి చూద్దాం. మందపాటి పిండిముద్దను కాగే నూనెలో వేస్తే పైభాగం త్వరగా ఎర్రబడుతుంది. లోపలికి వేడి నెమ్మదిగా వెళ్తుంది. పైన మాడేలోపు నడుమ భాగం ఉడకదు. ఆ నడుమ భాగాన్నే తీసేస్తే పిండిలో ఏ చోటుకైనా నూనె దగ్గరవుతుంది, లోపలా బయటా ఒకేసారి వేగుతుంది. వంటింట్లో వేలితో చిల్లు పెట్టేవాళ్లకు ఈ లెక్క ఎవరూ చెప్పలేదు. పచ్చిగా మిగిలిన గారెలే నేర్పాయి.

అమెరికాలో ఈ చిల్లుకు ఒక కర్తను కూడా వెతికారు. 1847లో ఓడలో పనిచేస్తున్నప్పుడు డోనట్ మధ్య భాగాన్ని తీసేసింది తానేనని హాన్సన్ గ్రెగరీ అనే నావికుడు ముసలితనంలో పత్రికలవాళ్లకు చెప్పాడు. ఆ మాటను పూర్తిగా నమ్మాల్సిన పనిలేదు. అయితే అంతకుముందు డోనట్‌కు చిల్లు తప్పనిసరి కాదన్నది నిజం. 1809లో వాషింగ్టన్ ఇర్వింగ్ న్యూయార్క్ డచ్ కుటుంబాల గురించి రాసినప్పుడు డోనట్లను పంది కొవ్వులో వేయించిన తీపి పిండి ఉండలుగానే వర్ణించారు. ఛత్తీస్‌గఢ్‌లో గోధుమపిండి, బెల్లం కలిపి వేయించే గుల్‌గులాకు ఆ డోనట్ దగ్గరి చుట్టం. కొవ్వు బదులు నూనె, అంతే తేడా.

పిండి విషయంలో మాత్రం డోనట్‌కూ గారెకూ పోలిక లేదు. డోనట్ మైదాతో చేస్తారు. గోధుమలోని గ్లూటెన్ సాగే వలలా ఏర్పడి ఈస్ట్ లేదా బేకింగ్ పౌడర్ పుట్టించే వాయువును పట్టి ఉంచుతుంది. మినప్పప్పులో గ్లూటెన్ లేదు. నానిన పప్పును తక్కువ నీళ్లతో రుబ్బుతుంటే అందులోని జిగురు పదార్థం, మాంసకృత్తులు కలిసి గాలి బుడగలను బంధిస్తాయి. రుబ్బురోలు చేసే పని నూరడం ఒక్కటే కాదు, గాలిని లోపలికి తోయడం కూడా. చిటికెడు పిండిని నీళ్లలో వేస్తే తేలాలని పెద్దవాళ్లు చూసేది ఆ గాలి కోసమే. పిండి పులిస్తే, నీరెక్కువైతే గారె నూనె తాగుతుంది.

వేగుతున్నంతసేపూ గారెలోని నీరు ఆవిరై బయటికి నెడుతూ ఉంటుంది కాబట్టి నూనె లోపలికి పెద్దగా వెళ్లదు. అసలు పీల్చుకోవడం బయటికి తీశాక జరుగుతుంది. చల్లారేకొద్దీ లోపలి ఆవిరి ద్రవమై ఖాళీ ఏర్పడుతుంది, పైన అంటుకున్న నూనెను లోపలికి లాక్కుంటుంది. జల్లి గరిటెలో కాసేపు ఆపి, నూనె ఓడ్చి తీయమనేది అందుకే.

ఇక తీపి డోనట్‌కు తెలుగింటి సమాధానం పాకం గారె. వేయించిన గారెను బెల్లం పాకంలో నానబెడతారు. డోనట్ పైన పంచదార పూత తళతళలాడుతుంది. పాకం గారెలో తీపి లోపలి దాకా దిగుతుంది. రెంటినీ పక్కపక్కన పెడితే చాలామంది తెలుగువాళ్ల ఓటు ఎటో చెప్పనక్కర్లేదు. ఈ కుటుంబం పాతదే. 12వ శతాబ్దంలో కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేరిట వెలువడిన మానసోల్లాసంలో వటకాలు, ఘారికలు అనే మినప వంటకాల ప్రస్తావన ఉంది.

నాలుగు గారెల కోసం మూకుడు పెట్టరు

నాలుగు గారెలు వేయించాలన్నా, నలభై వేయించాలన్నా మూకుట్లో పోసే నూనె దాదాపు ఒకటే. పప్పు ఖర్చు మనుషుల లెక్కన పెరుగుతుంది, నూనె ఖర్చు మాత్రం ముందే పెట్టేయాలి. నూనె అపురూపమైన కాలంలో ఏ ఇల్లూ మామూలు రోజున ఆ పని చేయలేదు. నలుగురు చేరిన రోజే మూకుడు పొయ్యెక్కేది. పండగకో, అల్లుడు వచ్చినప్పుడో, తెలంగాణలో నాటుకోడి కూర వండినప్పుడో, తద్దినం నాడో.

తద్దినం మాట కొంచెం ఆగి చూడాలి. తెలుగు ఇళ్లలో ఆబ్దికానికి గారెలు వండటం ఆచారం. ఛత్తీస్‌గఢ్‌లోనూ పితృపక్షంలో మినప బరా చేసి పెద్దలకు పెడతారు. భాష మారింది, రాష్ట్రం మారింది, చనిపోయినవారి విస్తరిలో పదార్థం మారలేదు. తింటే గారెలే తినాలి, వింటే భారతమే వినాలి అన్న సామెత సంబరానికి వాడతాం కానీ, గారె వాసనతో తాతో అమ్మమ్మో గుర్తొచ్చే ఇళ్లు తక్కువేమీ కాదు.

ఐరోపాలోనూ ఇదే లెక్క పనిచేసింది. క్రైస్తవుల లెంట్ ఉపవాసాలు మొదలయ్యే ముందు ఇంట్లోని కొవ్వు ఖర్చు చేయడానికి జర్మన్ ప్రాంతాల్లో పిండి వంటలు వేయించేవారు. అమెరికాలోని పెన్సిల్వేనియాకు వలస వెళ్లిన జర్మన్లు ఆ రోజున చేసుకునే డోనట్లను ఇప్పటికీ ఫాస్ట్‌నాట్ అనే పిలుస్తారు. ఉపవాసానికి ముందు రోజు అని ఆ మాటకు అర్థం.

పండగ కాని రోజున తినాలంటే? ఎవరో ఒకరు అందరి తరఫున నూనె కాచాలి. హోటల్ చేసేది అదే. పొద్దున్నే ఒక మూకుడు నూనె కాచి వందమందికి వాయిల మీద వాయిలు తీస్తే ఒక్కొక్కరికి పడే నూనె ఖర్చు కొన్ని చుక్కలే. సంపన్నుల పండగ వంట కూలి మనిషి చేతికి కూడా అందేది అక్కడే.

సంత మూతపడితే

బస్తర్‌లో ఈ పని చేసేది ఎక్కువగా వారపు సంత. ఇప్పపువ్వు, చింతపండు, కరక్కాయలు తెచ్చి అమ్మినవాళ్లు ఉప్పు, నూనె, బట్టలు కొనుక్కుని వెళ్తారు. వేయించిన తినుబండారాల దుకాణం సంతలో తప్పకుండా ఉంటుంది. ఇళ్లలో వేపుళ్లకు అడవి నూనె కూడా ఉంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు రాలుతుంది, వానలు మొదలయ్యే వేళకు ఇప్పగింజలు దొరుకుతాయి. వాటిని ఎండబెట్టి, దంచి తీసే ఇప్పనూనె చలికి నెయ్యిలా పేరుకుంటుంది. వంటకూ, దీపానికీ, ఒంటికీ అదే. గింజలు ఏరి నూనె దించడానికి ఎన్ని రోజుల చాకిరీ పడుతుందో తెలిస్తే, దాన్ని మూకుడు నిండా పోయడం ఎంత పెద్ద సంగతో అర్థమవుతుంది.

2005లో సల్వా జుడూం మొదలయ్యాక అప్పటి దంతెవాడ జిల్లాలో ఎన్నో గ్రామాలు ఖాళీ అయ్యాయి. బీజాపూర్ అప్పటికి అందులో భాగమే, 2007లో వేరు జిల్లా అయింది. వేలమంది శిబిరాల్లో చేరారు, వేలమంది అడవి దాటి ఖమ్మం, వరంగల్ వైపు వచ్చారు. అనేక సంతలు మూతపడ్డాయి. ఆదివాసీ యువకులకు ప్రత్యేక పోలీసు అధికారులని పేరుపెట్టి, తుపాకులిచ్చి మావోయిస్టులపైకి పంపడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులైలో తీర్పు చెప్పింది. సంత పోతే అటవీ ఉత్పత్తికి ధర పోతుంది, ఉప్పు దొరకదు. ఈ పెద్ద నష్టాల పక్కన వేడి గుల్‌గులా లెక్కలోకి రాదు. కానీ ఆ ఏళ్లలో పెరిగిన పిల్లలకు సంతరోజు జ్ఞాపకమే లేకుండా పోయింది.

గోదావరి మీద ఏటూరునాగారం దగ్గర, ముల్లకట్ట వంతెన 2016లో తెరుచుకున్నాక వరంగల్ నుంచి భోపాలపట్నం దారి దగ్గరైంది. రోడ్డుతోపాటు సరుకులు వస్తాయి, టిఫిన్ బండ్లూ వస్తాయి.

పరాయి వంట, సొంత దుకాణం

దుకాణానికి జ్ఞాపకం అంటుకోవాలంటే ఆ వంట దుకాణదారుడి సొంతం కానక్కర్లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో, ఫ్రాన్స్‌లోని అమెరికా సైనికులకు సాల్వేషన్ ఆర్మీ మహిళలు డోనట్లు వేయించి పెట్టారు. వాళ్ల గౌరవార్థం 1938లో షికాగోలో మొదలైన డోనట్ దినోత్సవాన్ని ఇప్పటికీ జూన్ మొదటి శుక్రవారం జరుపుతారు.

టెడ్ న్గోయ్ కథ ఇంకా విచిత్రం. 1975లో కంబోడియా నుంచి శరణార్థిగా కాలిఫోర్నియా చేరిన ఆయన, పెట్రోలు బంకులో పనిచేస్తూ పక్క దుకాణం నుంచి వచ్చే డోనట్ల వాసనకు ఆకర్షితుడై ఆ పని నేర్చుకున్నాడు. తర్వాత వరసగా దుకాణాలు పెట్టి, తోటి శరణార్థులను రప్పించి వాళ్లకు అద్దెకిచ్చాడు. జూదంలో అంతా పోగొట్టుకున్నాడు. కానీ కాలిఫోర్నియాలోని సొంత డోనట్ దుకాణాల్లో అత్యధికం ఈనాటికీ కంబోడియా కుటుంబాలవే. అర్ధరాత్రి పిండి కలిపి, తెల్లవారకముందే తలుపు తీయడం ఆ వ్యాపారం. మన టిఫిన్ హోటల్ వేళలూ దాదాపు అవే.

నూనె లెక్క ఆ హోటళ్లను ఇప్పటికీ వదల్లేదు. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. 2022లో యుక్రెయిన్ యుద్ధంతో సన్‌ఫ్లవర్ నూనె, ఇండొనేసియా ఎగుమతుల నిషేధంతో పామాయిల్ ప్రియమయ్యాయి. ధర పెరిగితే పాత నూనెనే మళ్లీ కాచాలనే ఆశ పుడుతుంది. పదేపదే కాచిన నూనెలో పోగుపడే హానికర పదార్థాలు 25 శాతం దాటితే దాన్ని వాడకూడదని ఆహార భద్రతా సంస్థ పెట్టిన నిబంధన 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. దాన్ని కొలిచే పరికరం రోడ్డు పక్క హోటల్లో ఉండదు. నూనె నల్లబడటం, నురగ కట్టడం, ఘాటు వాసన రావడమే గుర్తులు. మొదటి వాయి కోసం పొద్దున్నే వచ్చి నిలబడే పాత ఖాతాదారులకు ఈ సంగతి బాగా తెలుసు.