బావి యీత, స్కూబా యీత

ప్రత్తిపాడు పొలముల బావులలో ఈత నేర్చిన పిల్లవాడు ఊపిరి బిగబట్టి మునిగి, అట్లే పైకి తేలును. అతనికేమియు కాదు. విశాఖపట్నము దగ్గర ఋషికొండ తీరమున గాలి సిలిండరు ధరించి స్కూబా యీత నేర్చువాడు ఆ పనియే చేసినచో ప్రాణాపాయము. ఇందులకు కారణము మనము తరగతిలో చెప్పుకొను బాయిల్ సూత్రమే.

బావిలో మునిగినవాడు గాలిని ఒడ్డుననే పీల్చుకొనెను. అది లోతున కుంచించుకొని, పైకి వచ్చుసరికి మునుపటి పరిమాణమునకే చేరును. సిలిండరు ధరించినవాడు 10 మీటర్ల లోతున పీల్చు గాలికి మన గాలికంటె రెట్టింపు పీడన ముండును. అక్కడ 5 లీటర్లు నింపుకొని నోరు మూసి పైకి లేచినచో అది 10 లీటర్లు కాజూచును, ఊపిరితిత్తులు చినుగును. కొద్ది లోతే గదా యను ధీమా కూడదు. పైకి వచ్చుకొలది వ్యాకోచము హెచ్చగును.

పరికరము చెడినపుడే ఈ తొందర పుట్టును. కూస్తో, గన్యాన్ అను ఫ్రెంచివారు 1943లో రూపొందించిన రెగ్యులేటరు లోతునకు తగిన పీడనముతో గాలి నందించును. నేటి రెగ్యులేటరు చెడినచో సాధారణముగా మూసికొనదు, గాలిని ధారగా వదలును. 12 లీటర్ల సిలిండరులో 200 రెట్ల పీడనమున 2400 లీటర్ల గాలి పట్టును గాని, ధారకట్టినచో అది కొద్ది నిమిషములకే చాలును. అపుడు తోడివాని అదనపు గొట్టము నందుకొని ఇరువురును మెల్లగా పైకి రావలెను.

కంటి అద్దములో నీరు చేరినచో పై అంచు నొక్కి ముక్కుతో గాలి వదలవలెను. నీరు క్రిందినుండి పోవును. నోటి గొట్టము జారినచో చేతితో వెదకి పట్టుకొనవలెను. ఇవి మొదట లోతులేని నీటిలో నేర్పుదురు. వీనిలో బావి యీతగానికే ఎక్కువ కష్టమని నా తలంపు: గొట్టము వెదకునంతసేపును అతడు సన్నగా బుడగలు వదలుచునే యుండవలెను.