పొణికి చెట్టు చిరునామా

నిర్మల్ బొమ్మను చూడని ఇల్లు తెలంగాణలో తక్కువే. దానికి కర్రనిచ్చే చెట్టును చూసినవాళ్లు మాత్రం అరుదు. ఆ చెట్టును వెతుక్కుంటూ వెళితే ఉత్తర తెలంగాణ మొక్కల లెక్కలన్నీ తిరగేయాల్సి వచ్చింది.

వానలు పడగానే ఆదిలాబాద్ మీద ముఖచిత్ర కథనం వేయడం వారపత్రికల ఆనవాయితీ. కుంటాల, పొచ్చెర జలపాతాలు, మహబూబ్ ఘాట్ మలుపులు, జన్నారం అడవి. ఎడిటర్ గారు ఈసారీ అదే అడిగారు. జలపాతాల వివరాలు వెతుకుతుంటే ‘ఫ్లోరా ఆఫ్ ఆదిలాబాద్ డిస్ట్రిక్ట్’ అనే పుస్తకం దొరికింది. టి. పుల్లయ్య, పి.వి. ప్రసన్న, జి. ఓబులేసు కలిసి రాశారు. 1992లో అచ్చయింది. దాన్ని తెరిచాక నా మనసు జలపాతాల మీదికి మళ్లీ పోలేదు.

ఒక జిల్లాలో తమంతట తాముగా పెరిగే మొక్కలన్నిటినీ నమోదు చేసే పుస్తకాన్ని శాస్త్రవేత్తలు ‘ఫ్లోరా’ అంటారు. మనవాళ్లు వృక్షజాలం అంటున్నారు. ఇందులో కథ ఉండదు, అలంకారం ఉండదు. లాటిన్ పేరు, ఆకు కొలత, పూత కాలం, దొరికిన చోటు, సేకరించినవారి సంఖ్య, అంతే. ఆ సంఖ్య వెనుక ఒక హెర్బేరియం షీటు ఉంటుంది. అడవిలో కొమ్మ కోసి, కాగితాల మధ్య అదిమి, తడి ఆరేదాకా కాగితాలు మారుస్తూ ఎండబెడతారు. పురుగు పట్టకుండా మందు పూసి, 42 సెంటీమీటర్ల పొడవు, 28 సెంటీమీటర్ల వెడల్పున్న అట్టకు కుడతారు లేదా అతికిస్తారు. కింద కుడిమూలన చీటీ. ఫలానా మొక్క, ఫలానా ఊరి అడవిలో, ఫలానా తేదీన నిజంగా ఉందనడానికి అదే సాక్ష్యం. చెట్టును నరికేసినా, ఊరు మునిగినా ఆ సాక్ష్యం చెదరదు.

ఈ పని చేసింది అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వాళ్లు కావడం నాకు ఎంతో నచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో అతి తక్కువ వాన పడే జిల్లా నుంచి, అంతకు రెట్టింపు వాన పడే జిల్లాకు ఆరు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి వచ్చారు. ఆకు కోసం.

తెల్లటి కర్ర, మొండి గింజ

ఫ్లోరాలో పొణికిని వెతకాలంటే ఆముదం, కుప్పింటాకు ఉండే కుటుంబం దగ్గరికి వెళ్లాలి. పాత పుస్తకాల్లో గివోటియా రాట్లెరిఫార్మిస్ అని, కొత్తవాటిలో గివోటియా మొలుక్కానా అని ఉంటుంది. రెండూ ఒకటే చెట్టు. ఈ ప్రజాతిలో ప్రపంచం మొత్తం మీద ఉన్నవి నాలుగే జాతులు. ఒకటి తూర్పు ఆఫ్రికాలో, రెండు మడగాస్కర్‌లో పెరుగుతాయి. భారత్‌కు, శ్రీలంకకు దక్కింది మన పొణికి ఒక్కటే.

రాళ్లగుట్టల మీద, పొడి అడవుల్లో పెరిగే చెట్టు ఇది. వెడల్పాటి ఆకు, అడుగున తెల్లటి నూగు. ఎండకాలంలో ఆకు రాలుస్తుంది. కర్ర తెల్లగా, బెండులా తేలిగ్గా ఉండి, ఉలికి ఎదురుతిరగకుండా లొంగుతుంది. అందుకే నిర్మల్‌లో బొమ్మలు చేసే నకాషీ కళాకారులు దీన్ని ఎంచుకున్నారు. ఆరబెట్టిన పొణికిని చెక్కుతారు. రంపపు పొట్టులో చింతగింజల జిగురు కలిపి అతుకులు పూడుస్తారు. తెల్లసుద్ద పూసి నునుపు చేస్తారు. ఆపైన రంగు. సీతాఫలం, మామిడి, చిలుక, జింక, ఏది చేసినా లోపల ఉన్నది పొణికే. కొండపల్లి బొమ్మకూ ఇదే ఆధారం. నిర్మల్ బొమ్మకు భౌగోళిక గుర్తింపు దక్కింది, కళాకారుల సహకార సంఘం 1955 నుంచి నడుస్తోంది. అయినా కర్ర దొరకడం కష్టమవుతోందని వాళ్లు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు.

నరికినంత వేగంగా నాటవచ్చు కదా అనిపిస్తుంది. ఇక్కడే చిక్కు. పొణికి గింజ పెంకు మహా గట్టిది, అడవిలో మొలకలు అరుదు. పైగా మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. దగ్గరలో మగ చెట్టు లేకపోతే ఆడ చెట్టు ఎంత పూసినా కాయ పట్టదు. ఒక గుట్ట మీద నాలుగు చెట్లు మిగిలాయంటే సంఖ్య చూసి సంతోషించలేం, ఆ నాలుగిటిలో ఆడవెన్ని, మగవెన్ని అన్నది తెలియాలి. హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పెంకు తీసేసి, లోపలి పిండాన్ని ప్రయోగశాలలో మొలకెత్తించే పద్ధతి మీద పనిచేశారు. ప్రయోగశాల మొలక గుట్టకు చేరాలంటే గింజలు తేవడానికి తల్లిచెట్లు ఎక్కడున్నాయో ముందు తెలియాలి. ఫ్లోరాలో ఊరి పేరు, సేకరణ సంఖ్య ఎందుకు రాస్తారో నాకు అప్పుడు బోధపడింది. అది పొణికి చెట్టు చిరునామా.

ఇంత ఆలస్యం ఎందుకైంది?

ఈ చిరునామాలున్న ఫ్లోరా ఆదిలాబాద్‌కు 1992 దాకా ఎందుకు రాలేదో క్లుప్తంగా చెబుతాను. బ్రిటిష్ పాలనలోని ప్రాంతాలకు పెద్ద ఫ్లోరాలు ముందే వచ్చాయి: థియోడర్ కుక్ బొంబాయి ప్రెసిడెన్సీకి 1901-1908 మధ్య, గాంబుల్ మద్రాసు ప్రెసిడెన్సీకి 1915లో మొదలుపెట్టగా ఫిషర్ 1936లో ముగించారు. మధ్యలో నిజాం రాజ్యం వాటి పరిధిలోకి రాలేదు. పార్ట్రిడ్జ్ 1911లో, ఎం.ఎస్. ఖాన్ 1953లో అటవీ వృక్షజాలం రాశారు. కలప మీద శ్రద్ధ ఉన్న ఆ పుస్తకాలు గడ్డినీ నాచునీ అంతగా పట్టించుకోలేదు. ఆదిలాబాద్‌కు 1992లో సొంత ఫ్లోరా వచ్చింది. కరీంనగర్ వృక్షజాలం మీద కాకతీయ విశ్వవిద్యాలయంలో పరిశోధన జరిగింది. 2015లో పుల్లయ్య గారు తెలంగాణ వృక్షజాలాన్ని మూడు సంపుటాల్లో తెచ్చారు.

2016 అక్టోబరు 11న ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది, కరీంనగర్ కూడా ముక్కలైంది. మహదేవపూర్ అడవి చీటీ మీద ‘కరీంనగర్’ అని ఉంటే, ఆ చోటు ఇప్పుడు జయశంకర్ భూపాలపల్లిలో ఉంది. పాత నమూనా చదివేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి.

బొగ్గులోని ఆకు

గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి గనుల బొగ్గు కూడా ఒక వృక్షజాలమే. పాతిక కోట్ల ఏళ్లకు ముందు ఇక్కడి చిత్తడి నేలల్లో గ్లోసోప్టెరిస్ అనే చెట్లు పెరిగాయి. నాలుక ఆకారపు ఆకు, నడుమ ఈనె, దాని చుట్టూ వలలాంటి సన్నటి ఈనెలు. ఇదే ఆకు అంటార్కిటికాలోనూ దొరికింది. 1912 ఫిబ్రవరిలో దక్షిణ ధ్రువం నుంచి తిరిగివస్తూ బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం బియర్డ్‌మోర్ హిమానీనదం దగ్గర రాళ్లు ఏరింది. మృత్యువు ముంచుకొస్తున్నా సుమారు 16 కిలోల ఆ బరువును పారేయలేదు. నవంబరులో శవాల పక్కన ఆ రాళ్లు దొరికాయి. వాటిలోని ఆకు గ్లోసోప్టెరిస్ అని 1914లో వృక్షశాస్త్రవేత్త సీవర్డ్ తేల్చారు. దక్షిణ ఖండాలన్నీ ఒకప్పుడు కలిసి ఉండేవన్న వాదానికి అది గట్టి ఆధారమైంది. ఆ మహాఖండానికి పెట్టిన పేరు గోండ్వానా, అంటే మన గోండుల పేరే.

రామగిరి ఖిల్లా

పెద్దపల్లి జిల్లా బేగంపేట పక్కనున్న రామగిరి గుట్టకు శ్రావణంలో జనం పోటెత్తుతారు. ఔషధ మొక్కల గుట్టగా దానికి పేరు. కరీంనగర్, వరంగల్ జిల్లాల ఔషధ మొక్కల మీద కొప్పుల హేమాద్రి గారు పరిశోధన వ్యాసం ప్రచురించారు. ఆదిలాబాద్ ఆదివాసుల మొక్కల జ్ఞానాన్ని రవిశంకర్, హెన్రీ 1992లో నమోదు చేశారు. గుట్ట ఎక్కేవాళ్లు వేర్లు పెకలించకుండా చూసి రావాలి.

నా మాట

ఈ పుస్తకాలన్నీ ఇంగ్లిష్‌లో ఉన్నాయి. చెట్టును రోజూ చూసే గోండు, కొలాం పిల్లలకు, నిర్మల్‌లో కర్ర చెక్కే కుటుంబాలకు అవి అందవు. ఇది అన్యాయమని నా గట్టి అభిప్రాయం. జిల్లా ఫ్లోరాలకు తెలుగులో, గోండిలో చిన్న పుస్తకాలు రావాలి. ఉత్తర తెలంగాణ డిగ్రీ కళాశాలల్లో వృక్షశాస్త్రం చెప్పే అధ్యాపకులకు నా మనవి: ఈ వానాకాలం మీ విద్యార్థులతో మీ మండలంలోని పొణికి చెట్లను వెతికించండి. ఆడ చెట్టా, మగ చెట్టా రాయించండి. ఆ జాబితా ఒక ప్రతి అటవీ శాఖకు, ఒక ప్రతి నిర్మల్ కళాకారుల సంఘానికి ఇవ్వండి.