కోర్ల లెక్క తేలితేనే క్లౌడ్ చందా గిట్టుబాటు

బరంపురంలో పెద్ద సంస్థలకు కొదవలేదు. 1962 నాటి ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, 1967లో మొదలైన విశ్వవిద్యాలయం, 2016లో వచ్చిన ఐసర్, దక్షిణ ఒడిశాలో 8 జిల్లాలకు కరెంటు పంపిణీ చేసే టీపీఎస్‌ఓడీఎల్ ప్రధాన కార్యాలయం ఊళ్లోనో ఊరి పక్కనో ఉన్నాయి. ఈ స్థాయి సంస్థ ఏదైనా తన బిల్లులు, పరీక్ష ఫలితాలు, రోగుల రికార్డులు బయటి క్లౌడ్‌కి పంపకుండా సొంత సర్వర్లలోనే ఉంచుకోవాలనుకుంటే ప్రైవేట్ క్లౌడ్ సాఫ్ట్‌వేర్ కావాలి. ఈ రంగంలో చిరకాలంగా పెద్ద పేరు వీఎంవేర్. 2023 నవంబర్ 22న దాన్ని బ్రాడ్‌కామ్ కొనేసింది. నెల తిరక్కుండానే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆగిపోయింది. ఒకసారి కొని ఏళ్ల తరబడి వాడుకునే రోజులు పోయి, చందా కట్టే రోజులు వచ్చాయి.

చందా ఖరీదైనదన్న మాట అందరూ అంటున్నదే. అది గిట్టుబాటు అవుతుందా లేదా అన్నది మాత్రం సంతకానికి ముందు వేసుకునే లెక్కల మీదే ఉంటుంది.

గాలికి కట్టే 10 లక్షలు

చందాను సర్వర్‌కి ఇంత అని కట్టరు, ప్రాసెసర్‌లోని కోర్‌కి ఇంత అని కడతారు. ఒక ప్రాసెసర్‌లో ఎన్ని కోర్లున్నా కనీసం 16 కోర్లకు బిల్లు పడుతుంది. పెద్ద ప్యాకేజీ వీఎంవేర్ క్లౌడ్ ఫౌండేషన్, అంటే వీసీఎఫ్. దీని జాబితా ధర కోర్‌కు ఏడాదికి 350 డాలర్లు. బేరంలో తగ్గొచ్చు. మన లెక్కకు జాబితా ధరనే తీసుకుని, డాలరు 88 రూపాయలు అనుకుందాం.

ఉదాహరణకు ఒక కాలేజీకి 4 సర్వర్లున్నాయి. ఒక్కోదాంట్లో 2 ప్రాసెసర్లు, ఒక్కో ప్రాసెసర్‌లో 12 కోర్లు. పనిచేసేవి 96 కోర్లు, బిల్లు పడేది 128 కోర్లకు. లేని 32 కోర్లకు ఏటా 11,200 డాలర్లు, అంటే పన్ను కలపకుండానే 9.86 లక్షల రూపాయలు కట్టాలి.

అదే కాలేజీ సర్వర్లు కొనేటప్పుడు ఒక్కోదాంట్లో 24 కోర్ల ప్రాసెసర్ ఒక్కటే పెట్టించుకుంటే ఉన్న కోర్లూ 96, బిల్లు పడే కోర్లూ 96. ఏడాదికి 33,600 డాలర్లు. 18 శాతం జీఎస్టీతో కలిపి 34.89 లక్షలు. అందుకే హార్డ్‌వేర్ టెండర్ రాసేవారూ, సాఫ్ట్‌వేర్ చందా చూసేవారూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి.

16 లక్షల తేడాకు ఏమొస్తుంది?

వీసీఎఫ్ కంటే చిన్న ప్యాకేజీ వీస్ఫియర్ ఫౌండేషన్. 2024 చివర్లో సవరించిన జాబితా ధర ప్రకారం కోర్‌కు 190 డాలర్లు. అవే 96 కోర్లకు పన్నుతో 18.94 లక్షలు. రెండింటికీ తేడా ఏటా దాదాపు 16 లక్షలు.

ఆ తేడాకు వీసీఎఫ్‌లో అదనంగా దొరికేవి ప్రధానంగా మూడు. ఒకటి స్టోరేజీ: సర్వర్లలోని డిస్కులన్నిటినీ కలిపి ఒకే నిల్వగా వాడుకునే వీశాన్‌కు చిన్న ప్యాకేజీలో కోర్‌కు పావు టెరాబైట్ హక్కు ఉంటే, పెద్దదాంట్లో 1 టెరాబైట్ ఉంది. 96 కోర్లకు 24 బదులు 96 టెరాబైట్లన్నమాట. డిస్కులు మాత్రం మనమే కొనుక్కోవాలి. రెండు, ఎన్‌ఎస్‌ఎక్స్ అనే నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్. మూడు, విభాగాలవారు ఐటీ వారిని అడక్కుండా తమ వర్చువల్ మెషీన్లు, అంటే సర్వర్‌లో సాఫ్ట్‌వేర్‌తో సృష్టించే విడి కంప్యూటర్లు, తామే తయారు చేసుకునే ఆటోమేషన్.

విడిగా స్టోరేజీ పెట్టె నిన్నగాక మొన్న కొన్నవారికి మొదటిది అక్కరకు రాదు. ఇద్దరే ఐటీ ఉద్యోగులు, ఒకటే క్యాంపస్ ఉన్నచోట మూడోదాన్ని ఎవరూ తెరిచి చూడరు. ఎన్‌ఎస్‌ఎక్స్‌తో ఫైర్‌వాల్ ఖర్చు తప్పుతుందని లెక్కేసుకున్నవారు ఇంకోటి గమనించాలి: మెషీన్‌కీ మెషీన్‌కీ మధ్య కాపలా కాసే ఫైర్‌వాల్‌కు విడిగా డబ్బు కట్టాలి.

48 వేలా, 24 వేలా?

4 సర్వర్లలో ఒకటి చెడిపోయినా పని ఆగకూడదంటే 3 సర్వర్ల మీదే లెక్క వేయాలి. అంటే 72 కోర్లు. కోర్‌కు 4 వర్చువల్ సీపీయూలు చొప్పున 288. ఒక్కో వర్చువల్ మెషీన్‌కు సగటున 4 సీపీయూలు ఇస్తే 72 మెషీన్లు పడతాయి. వీసీఎఫ్ ధరలో మెషీన్‌కు ఏడాదికి 48,459 రూపాయలు. సగటును 2కి దించగలిగితే 144 మెషీన్లు పడతాయి, ఖర్చు 24,229కి దిగుతుంది. చందా పైసా తగ్గలేదు, పని రెట్టింపయింది.

సగటు ఎందుకు పెరిగి ఉంటుందో ఏ సర్వర్ గదిలో చూసినా తెలుస్తుంది. ఫలితాల రోజు రద్దీకి భయపడి పోర్టల్‌కు 8 సీపీయూలు ఇస్తారు. ఆ వారం గడిచాక వాటిని వెనక్కి తీసుకోవడం ఎవరికీ గుర్తుండదు. ప్యాచ్ వేసే ముందు మెషీన్ అప్పటి స్థితిని భద్రపరచడానికి తీసిన స్నాప్‌షాట్ నెలల తరబడి పడి ఉండి స్టోరేజీని తింటూనే ఉంటుంది. స్నాప్‌షాట్‌ను 72 గంటలకు మించి ఉంచొద్దని వీఎంవేరే చెబుతుంది. ఏ మెషీన్‌కు అవసరానికి మించి ఇచ్చామో, ఏది ఊరికే నడుస్తోందో చూపించే ఆపరేషన్స్ పరికరం రెండు ప్యాకేజీల్లోనూ ఉంది. చందాలో ముందుగా వాడాల్సింది దీన్నే.

తుపాను ఖర్చు వేరే

2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను, 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస తీరాన్ని, 2019 మే 3న ఫణి పూరీ తీరాన్ని తాకాయి. అంటే బరంపురం సంస్థ విపత్తులో ఆదుకునే రెండో సర్వర్ కేంద్రాన్ని విశాఖలో పెట్టినా, భువనేశ్వర్‌లో పెట్టినా తుపాను దారిలోనే పెట్టినట్టు. ఈ లెక్కన హైదరాబాద్ మేలు.

డేటాను అవతలి కేంద్రానికి నకలు చేసే సౌకర్యం చందాలోనే వస్తుంది. ఇక్కడ కరెంటు పోగానే అక్కడ మెషీన్లను వరుసక్రమంలో లేపే సాఫ్ట్‌వేర్‌ను విడిగా కొనాలి. రెండో కేంద్రంలోని కోర్లకూ చందా ఉంటుంది: 24 కోర్ల సర్వర్లు 2 పెట్టినా వీసీఎఫ్‌కు పన్నుతో 17.45 లక్షలు. అందుకని అన్నిటికీ రక్షణ కావాలనుకోకుండా, ఏ మెషీన్లు లేకపోతే రోజు గడవదో ముందు జాబితా రాసుకోవాలి.

పన్ను, రూపాయి, గడువు

విద్యాసంస్థలు, విద్యుత్ పంపిణీ సంస్థల ప్రధాన సేవలకు జీఎస్టీ లేదు కాబట్టి, ఆ సేవల కోసం కొన్నదాని మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. బ్యాంకులైతే సగం క్రెడిట్ తీసుకునే పద్ధతి ఎంచుకోవచ్చు. ధర డాలర్లలో ఉంటే, రూపాయి ఒక్క రూపాయి పడినా 96 కోర్ల వీసీఎఫ్ బిల్లు పన్నుతో 39,648 పెరుగుతుంది. మూడేళ్ల ఒప్పందంలో ధరను రూపాయల్లోనే ఖాయం చేయమని అడగడం ఇందుకే.

గడువులూ చూసుకోవాలి. వీస్ఫియర్ 7కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 2తో ముగిసింది. 8వ వెర్షన్‌కు 2027 అక్టోబర్ 11 వరకు ఉంది. పాత శాశ్వత లైసెన్సు చేతిలో ఉన్నా మద్దతు ఒప్పందాన్ని ఇక పొడిగించరు.

ఇన్ని లెక్కల తర్వాత తేలేది ఇది. విడి స్టోరేజీ పెట్టె, ఫైర్‌వాల్ ఇంకా వారంటీలో ఉన్న సంస్థకు చిన్న ప్యాకేజీ చాలు. ఆ పెట్టె వారంటీ చందా మొదలయ్యే ఏడాదే ముగుస్తుంటే, కొత్త పెట్టె కొనకుండా వీశాన్‌కు మారి ఆ మిగులుతో 16 లక్షల తేడాను పూడ్చుకోగలిగితేనే వీసీఎఫ్ గిట్టుబాటు. కాబట్టి అమ్మేవారు ధర చెప్పకముందే మీ స్టోరేజీ వారంటీ ఎప్పుడు తీరుతుందో బయటికి తీయండి. బేరం మొదలుపెట్టాల్సింది ఆ తేదీ నుంచే.