హామ్ రేడియో టవర్లు: పిడుగుకు భయపడి తుప్పును మరిచిపోతున్నాం

మా పెరట్లో నలభై అడుగుల టవర్ లేచిన వారానికే పక్కింటి అక్కయ్యగారు గోడ దగ్గరికి వచ్చి అడిగారు: "తమ్ముడూ, ఇది పిడుగుల్ని పిలుస్తుందంట, నిజమేనా?" ఆ సాయంత్రం మేడ మీద అద్దెకుండే కుర్రాడు రేడియేషన్ సంగతి అడిగాడు. వాళ్ల చిన్నపాప నిద్రపోయే గది టవర్ వైపే ఉంది. మర్నాడు మా బాబాయి వచ్చి, "ఇంత బరువు ఇనుము గాలికి కదులుతుందా ఏమిటి, ఈ తీగలన్నీ దేనికిరా?" అన్నాడు. అడిగినవాళ్లందరివీ న్యాయమైన ప్రశ్నలే. కానీ టవర్‌ను పట్టి నిలిపే ఆ స్టే వైర్లు ఎప్పుడు బిగించావని గానీ, వెనక వీధిలో పోయే కరెంటు లైను ఎంత దూరమని గానీ ఒక్కరూ అడగలేదు. నన్ను రాత్రిళ్లు నిద్ర లేపేవి ఆ రెండే.

తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. హామ్ రేడియో అంటే ప్రభుత్వ పరీక్ష రాసి, లైసెన్సు తీసుకుని, లాభాపేక్ష లేకుండా వైర్‌లెస్ నడిపే వ్యాపకం. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్ నుంచి ప్రపంచంతో మాట్లాడటానికి పోర్ట్ బ్లెయిర్ వెళ్లింది. 26వ తేదీన సునామీ వచ్చింది. సరదాగా మొదలైన ఆ స్టేషన్ ఆ రోజు నుంచి బాధితుల కబుర్లు అందించే స్టేషన్ అయింది. ఫోన్లు పోయిన రోజున పనికొచ్చే సాధనం కాబట్టే దాని యాంటెనా ఆ రోజుకి నిలబడి ఉండాలని నా తపన.

అపోహ: టవర్ పిడుగును పిలిచి పక్కింటి మీద వేస్తుంది

ఇందులో సగం నిజం ఉంది. ఎత్తైన వస్తువు మీద పిడుగు పడే అవకాశం ఎక్కువే, అది కొబ్బరిచెట్టయినా గుడి ధ్వజస్తంభమైనా సరే. అంతమాత్రాన ఎక్కడో ఉన్న మబ్బును టవర్ మన వీధికి రప్పించలేదు. అసలు చూడాల్సింది పిడుగు పడిందా లేదా అని కాదు, పడ్డాక ఆ కరెంటు ఏ దారిన నేలకు దిగిందీ అని.

సాధారణమైన పిడుగులో సుమారు 30 వేల ఆంపియర్ల కరెంటు ఉంటుంది. అది మైక్రోసెకన్లలో ఎగబాకుతుంది. అంత వేగంగా మారే కరెంటుకు మామూలు తీగ కూడా అడ్డు తగులుతుంది. మీటరు తీగకు సుమారు ఒక మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ ఉంటుంది కాబట్టి, 30 వేల ఆంపియర్లు రెండు మైక్రోసెకన్లలో పెరిగితే ఒక్కో మీటరుకూ 15 వేల వోల్టులు నిలుస్తాయి. అందుకే ఎర్త్ తీగను అందంగా మూల తిప్పి, గోడ వెంబడి వంపులు తిప్పి తీసుకెళ్లకూడదు. వెడల్పాటి రాగి పట్టీ, వీలైనంత పొట్టిగా, తిన్నగా దిగాలి.

మనవాళ్లు చేసే పెద్ద తప్పు ఇంకొకటి. ఇంటి కరెంటుకు ఒక ఎర్త్, రేడియోకు "స్వచ్ఛమైన" ఎర్త్ వేరే తవ్వి రెంటినీ కలపకుండా వదిలేస్తారు. పిడుగు పడ్డ క్షణంలో టవర్ ఎర్త్ ఒక్కసారిగా వేల వోల్టులకు లేస్తుంది, ఇంటి ఎర్త్ లేవదు. ఆ తేడా తీరడానికి కరెంటుకు దొరికే దారి బల్ల మీదున్న రేడియో సెట్టే. అన్ని ఎర్త్‌లనూ నేల మట్టంలోనే మందపాటి తీగతో ఒకటిగా కలపాలి. ఉప్పూ బొగ్గూ వేసి ఏటేటా నీళ్లు పోసే పాత పద్ధతి గుంట పనిచేయదని కాదు గానీ, ఆ ఉప్పే కొన్నేళ్లలో జింకు పూసిన జి.ఐ. పైపును తినేస్తుంది. పైన మూత అందంగానే ఉంటుంది, కింద పైపు ఉండదు. జి.ఐ. టవర్ కాలికి నేరుగా రాగి పట్టీ బిగించినా ఇదే గతి. ఆ రెండు లోహాలూ తడిలో కలిస్తే జింకు పూత కరిగిపోతుంది, కాబట్టి మధ్యలో స్టెయిన్‌లెస్ రేకు పెట్టాలి. మబ్బు పట్టగానే యాంటెనా కేబుల్ ఊడదీయడం మంచి అలవాటే, కానీ ఊడదీసిన కొసను బల్ల వెనకే వేలాడేస్తే లాభం లేదు. దాన్ని ఇంటి బయట పెట్టాలి.

అపోహ: రేడియేషన్ వల్ల పిల్లలకు ప్రమాదం

ఆ కుర్రాడి భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు. కాగితం మీద లెక్క వేసి చూపించాను. నేను 144 మెగాహెర్ట్జ్‌లో 50 వాట్లు పంపుతాను. సాదా డైపోల్ యాంటెనా ఉందనుకుంటే, పది మీటర్ల దూరంలో చదరపు మీటరుకు పడేది సుమారు 0.065 వాట్లు. ఆ పౌనఃపున్యానికి సాధారణ ప్రజల కోసం అంతర్జాతీయ సంస్థ ఐసీఎన్‌ఐఆర్‌పీ పెట్టిన హద్దు 2 వాట్లు. అంటే హద్దులో ముప్ఫయ్యో వంతు. దూరం రెట్టింపయితే అందులోనూ నాలుగో వంతే మిగులుతుంది. పైగా సెల్ టవర్‌లా ఇది పగలూ రాత్రీ పంపదు, నేను మాట్లాడేటప్పుడే పంపుతుంది. ఇవి ఎక్స్‌రేల్లా అణువుల్ని చీల్చే కిరణాలు కావు.

ఇంకో మాట కూడా చెప్పాను, అది చెప్పకపోతే మోసమవుతుంది. ప్రసారం జరుగుతుండగా యాంటెనాను చేత్తో తాకితే ఒళ్లు కాలుతుంది. మేడ మీద మనిషి తల ఎత్తులో యాంటెనా పెట్టకూడదు. ఆ ఎత్తు కోసమే టవర్.

అపోహ: ఎంత ఎత్తయితే అంత మేలు

నేను వాడే 144 మెగాహెర్ట్జ్ లాంటి వీహెచ్‌ఎఫ్‌లో ఎత్తు పనికొస్తుంది, కానీ ఆశించినంత కాదు. పది మీటర్ల ఎత్తు నుంచి రేడియో దిగంతం సుమారు 13 కిలోమీటర్లు. దాన్ని 26 చేయాలంటే ఎత్తు నలభై మీటర్లు కావాలి. దూరం రెట్టింపు కావడానికి ఎత్తు నాలుగింతలన్నమాట. ఈలోగా కేబుల్ పొడవూ పెరుగుతుంది. సన్నటి ఆర్‌జీ-58 కేబుల్‌ను వంద అడుగులు లాగితే 144 మెగాహెర్ట్జ్‌లో సగం కన్నా బాగా ఎక్కువ శక్తి దారిలోనే వేడిగా పోతుంది. ఇక దూరదేశాలతో మాట్లాడే 20 మీటర్ల బ్యాండ్‌లో 33 అడుగులు అంటే సగం తరంగదైర్ఘ్యం. అక్కడే డైపోల్ తన పని బాగా చేస్తుంది. ఇంకో ముప్ఫై అడుగులు లేపే డబ్బుతో మంచి కేబుల్, మంచి స్టే వైరు కొనండి.

ఎత్తు గురించే ఇంకో సంగతి. లైసెన్సు ఉంటే ఎంత ఎత్తయినా కట్టుకోవచ్చని కొందరి నమ్మకం. శంషాబాద్, గన్నవరం, విశాఖ లాంటి విమానాశ్రయాల చుట్టుపక్కల కట్టడాల ఎత్తుకు హద్దులున్నాయి. వాటికి రంగుల మ్యాపులు ఉన్నాయి. పునాది తవ్వకముందే చూసుకోవాలి.

అపోహ: బరువైన ఇనుము, గాలికి ఏమవుతుంది?

ఇది మా బాబాయి ప్రశ్న. పల్లెటూళ్లలో టవర్లు కూలడానికి నేను చూసిన మొదటి కారణం ఈ నమ్మకమే. టవర్‌కు శత్రువు దాని బరువు కాదు, అడ్డంగా తోసే గాలి. గాలి వేగం రెట్టింపయితే ఒత్తిడి నాలుగింతలు అవుతుంది. గంటకు 90 కిలోమీటర్ల ఈదురుగాలి చదరపు మీటరు మీద సుమారు 38 కిలోల బరువంత తోస్తుంది. అదే 180 అయితే 153 కిలోలు. భారత ప్రమాణాల సంస్థ విశాఖకూ విజయవాడకూ ఇచ్చిన మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే సరిగ్గా ఆ 180. హైదరాబాద్‌కు 44 మీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు గాలి ఆ స్థాయిలోనే వీచింది. ఆ అంకె ఊరికే రాసింది కాదని ఆ ఒక్క రోజు రుజువు చేసింది.

యాంటెనా వైశాల్యం అర చదరపు మీటరే అనుకున్నా, నలభై అడుగుల ఎత్తున 75 కిలోలకు పైగా అడ్డంగా తోస్తుంది. గునపం ఎంత పొడుగైతే రాయి అంత సులువుగా పెకలినట్టే, ఎత్తు పెరిగేకొద్దీ టవర్ మొదలు మీద అంత లాగుడు పడుతుంది. ఆ లాగుడును మోసేవి స్టే వైర్లు. మూడు దిక్కులా సమంగా 120 డిగ్రీల ఎడంలో, సుమారు ముప్ఫై అడుగులకొక వరుస చొప్పున, టవర్ ఎత్తులో అరవై నుంచి ఎనభై శాతం దూరంలో నేలకు కట్టాలి. వీణ తీగలా బిగించడం కూడా తప్పే. తెగే బలంలో పదో వంతు బిగువు చాలు.

మేడల మీద చేసే పని తలుచుకుంటేనే భయమేస్తుంది. స్టే వైరును పిట్టగోడకు చుట్టేస్తారు. పిట్టగోడ చాలా ఇళ్లలో నాలుగున్నర అంగుళాల ఇటుక వరస, కింద స్లాబుతో దానికి కట్టు ఉండదు. గాలివానలో టవర్‌తో పాటు ఆ గోడ కూడా వీధిలోకి వస్తుంది. కింద నడిచేవాళ్లు ఉంటారు. బీముకో స్తంభానికో కొక్కెం వేయించలేకపోతే ఆ మేడ మీద టవర్ వద్దు. నైలాన్ తాడుతో కట్టడమూ అంతే. రెండు మూడు ఎండాకాలాలకు అది పిండిపిండి అవుతుంది.

అపోహ: లోతుగా తవ్వి కాంక్రీటు పోస్తే చాలు

మాది నల్లరేగడి. మొదటిసారి నాలుగడుగుల గుంటలు తీసి స్టే వైర్లు కట్టే యాంకర్లు పాతాను. వానాకాలంలో బాగానే ఉన్నాయి. మే నెలలో చూస్తే మూడింటిలో రెండు తీగలు వదులై ఊగుతున్నాయి, యాంకర్ పక్కన చెయ్యి దూరేంత నెర్రె. తప్పు నాదే. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది, ఆ కదిలే పొరలో పాతింది ఏదైనా దానితో పాటే కదులుతుంది. కదలని పొర దాకా పోవాలి. ఇలాంటి నేల కోసమే అడుగున గంటలా వెడల్పయ్యే అండర్-రీమ్డ్ పైల్ ఉంది. మామూలుగా మూడున్నర మీటర్ల లోతు పోతుంది. ఖర్చే, కానీ రెండోసారి అదే వేయించాను. కాంక్రీటు పోసిన మూడో రోజే టవర్ ఎత్తేద్దామని మేస్త్రీ తొందరపెట్టాడు. వారానికి కాంక్రీటుకు వచ్చేది సుమారు మూడింట రెండు వంతుల బలం, లెక్కలోకి తీసుకునేది 28 రోజుల బలం. ఆగాను.

అపోహ: జింకు పూత ఉంది, ఇక చూడక్కర్లేదు

తుప్పు బయట మొదలవుతుందని మనం అనుకుంటాం. పైపు కాళ్ల టవర్‌లో వాన నీరూ చెమ్మా లోపలికి దిగి, అడుగున నిలిచి, లోపలి నుంచి తింటాయి. బయట వెండి రంగు మెరుస్తూనే ఉంటుంది. అడుగున నీరు కారే చిల్లి ఉండాలి, బురదతో మూసుకుపోకుండా చూడాలి. సుత్తితో మెల్లగా తట్టి చూడండి. గట్టి పైపు ఖంగుమంటుంది, తినేసిన పైపు మొద్దుగా పలుకుతుంది. పెయింటు వేసి తుప్పును కప్పడం పుండు మీద పౌడరు రాయడమే. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలి ఈ పనిని ఇంకా తొందరగా చేస్తుంది.

స్టే వైరు నేలను తాకే చోట మట్టి తీసి చూడాలి, తెగేది అక్కడే. క్లాంపులు కూడా చూడాలి. యూ బోల్టు వంపు కోసిన కొస మీద ఉండాలి, గాడి ఉన్న దిమ్మ బరువు మోసే తీగ మీద ఉండాలి. తిరగేసి బిగిస్తే మోసే తీగే నలుగుతుంది. నేను చూసిన టవర్లలో చాలావాటికి తిరగేసే ఉంది.

ఏది మార్చినా ఒకదాన్ని వదులు చేసేముందు తాత్కాలిక తీగ కట్టాలి. పోలండ్‌లోని కాన్‌స్టాంటినోవ్ దగ్గర 646 మీటర్ల వార్సా రేడియో మాస్ట్ 1974లో నిలబడింది, ఆనాటికి ప్రపంచంలో అంత ఎత్తైన కట్టడం లేదు. అది తుపానుకు కూలలేదు. 1991 ఆగస్టు 8న స్టే తీగలు మారుస్తుండగా కూలింది.

ఎక్కేవాళ్ల సంగతీ చెప్పాలి. నడుముకు బెల్టుంటే చాలంటారు. జారితే ఒంటి బరువంతా నడుము మీద, వెన్ను మీద పడుతుంది. భుజాలనూ తొడలనూ పట్టుకునే పూర్తి హార్నెస్ కావాలి, రెండు కొక్కేల తాళ్లు కావాలి. ఒకటి తీసేముందు రెండోది తగిలించి ఉండాలి.

అపోహ: లైను మీద పిట్టలు కూర్చుంటాయిగా

నాకు తెలిసిన ప్రమాదాల్లో అన్నిటికన్నా ఘోరమైనవి ఇక్కడే జరుగుతాయి. వీధుల్లో పోయే 11 కేవీ లైను తీగలకు సాధారణంగా తొడుగు ఉండదు. నేలకూ ఒక్కో తీగకూ మధ్య 6 వేలకు పైగా వోల్టులు ఉంటాయి. పిట్ట ఒక్క తీగను మాత్రమే తాకుతుంది, నేలను తాకదు, అందుకే బతుకుతుంది. పైపు నిలబెట్టే నలుగురూ నేల మీదే ఉంటారు. వెదురుబొంగు కరెంటు పట్టదనుకోవడమూ తప్పే, తడిసిన బొంగు పడుతుంది.

టవర్ ఎత్తు, దాని మీది యాంటెనా, అందుకు తోడు ఇంకో పదడుగులు. ఈ మొత్తం దూరంలో ఎటువైపూ కరెంటు లైను ఉండకూడదు. తీగ తెగి పడినా, టవర్ ఒరిగినా లైనును అందకూడదు. మా పెరట్లో ఉత్తరం వైపు ఆ దూరం చాల్లేదు. అందుకే టవర్‌ను దక్షిణం మూలకు, మా అమ్మ వేసిన మల్లెపందిరి పక్కకు జరిపాను. పందిరి కొంత తీసేయాల్సి వచ్చింది. అమ్మకు లైను చూపించి చెప్పాను, తనే కత్తెర తెచ్చి ఇచ్చింది.